ఎముకకూ పొరకూ నడుమ

జగిత్యాలలో నేను డ్యూటీ దిగి ఇంటికి నడిచే దారిలో రెండు మటన్ దుకాణాలున్నాయి. ఆదివారం పొద్దున ఆ దుకాణాల ముందు మేక తలకాయలు కాలుస్తుంటారు. ఇదివరకు కట్టెల మంట మీద కాల్చేవారు, ఇప్పుడు గ్యాసు మంట పెడుతున్నారు. బొచ్చు కాలే ఆ వాసన మాత్రం మారలేదు. నా వెనక వచ్చేవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతారు. నేను ఒక నిమిషం నిలబడతాను. మిగతావాళ్ళకు అది తలకాయ కూర వాసన. నాకు మాత్రం కోరుట్ల కాలేజీలో జువాలజీ చెప్పిన రాజలింగం సార్ గుర్తుకొస్తారు. ఈ మాట ఆయన వింటే, "ఇంకేం దొర్కలేదానే నన్ను యాది జేసుకోనీకి?" అని నవ్వేవారు.

నేను నర్సును. ఇరవై ఏళ్ళ పైమాటే, అందులో ఎక్కువ కాలం ఎమర్జెన్సీలోనే గడిచింది. అలసిపోయానని చెప్పుకోవడానికి ఒకప్పుడు సిగ్గుపడేదాన్ని, ఇప్పుడు పడటం లేదు. మోకాళ్ళు అరిగాయి. మంచాలు పెరగవు, వచ్చేవాళ్ళు తగ్గరు. మనుషులు అరిస్తే జవాబు చెప్పే ఓపిక కూడా పోయింది. కానీ ఎంత అలసినా ఒక్క పని మానలేదు. తలకు దెబ్బ తగిలి వచ్చిన మనిషిని, పాపం పడుకున్నాడులే అని వదిలెయ్యను. లేపుతాను, పేరడుగుతాను, రెప్ప ఎత్తి చూస్తాను. ఆ పని నాకు నేర్పింది రాజలింగం సార్. ఆయన నేర్పారు, నేను నేర్చుకున్నాననుకున్నాను. నేర్చుకోలేదని తెలిసేలోపు ఒక మనిషి పోయాడు. ఆ సంగతి రాయకుండా సార్ గురించి రాయడం కుదరదు.

మాది రాయికల్. అమ్మ బీడీలు చేసేది, నాన్న దుబాయిలో ఉండేవాడు. ఇంటర్ బైపీసీ కోసం కోరుట్లకు బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. మొదటి ఏడాది చలికాలంలో ఒక సోమవారం సార్ క్లాసుకు స్టీలు టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చారు. మూత తీస్తే లోపల మేక తలకాయ ఉంది, కాల్చి, శుభ్రంగా గీకి తెచ్చారు. ఆడపిల్లలం అందరం చున్నీలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాం. ముందు రోజు మటన్ దుకాణంలో దాన్ని కత్తి పెట్టి పగలగొట్టొద్దని సార్ బతిమాలారట. దుకాణమాయన విచిత్రంగా చూసి, "పల్గగొట్టకుంట తలకాయ అమ్ముడు నా జిందగీల ఇదే మొదలు సారూ" అన్నాడట. ఆ మాట సార్ అచ్చం అతనిలాగే అని చూపించారు. వెనక బెంచీ నుంచి ఒకడు, "సార్, పాఠమయినంక భేజా ఎవలకు?" అని అరిచాడు. "జవాబు జెప్పినోనికి. నీకైతే దొర్కది," అన్నారు సార్.

ఇనుము కోసే రంపం బ్లేడుతో పుర్రె చుట్టూ మెల్లగా కోశారు. పీరియడు సగం దానికే పోయింది. మూతలా పై ఎముక లేపేసరికి ఎవరూ ముక్కు మూసుకోవడం లేదు, అందరం డబ్బా చుట్టూ మూగాం.

"పుస్తకంల వరాశిక, లౌతికళ, మృద్వి అని రాసిండ్రు. పరీక్షల గట్లనే రాయుండ్రి," అన్నారు. "మనలో మనకు మాత్రం గట్టి పొర, బూజు పొర, మెత్త పొర. గట్టి పొర ఎముకను పట్టుకొని ఉంటది. దాని కింద బూజు లెక్క పల్చటిది. మెత్త పొర మెదడును ఇడ్వది, ముడ్తల్లకు గూడ జొర్రుతది. గీ బూజు పొరకు మెత్త పొరకు నడుమ నీళ్ళుంటయి. నిండ నీళ్ళున్న డబ్బల కోడిగుడ్డేసి ఊపుండ్రి, దబ్బున పల్గుతదా? పల్గది. మనం దుంకినా, బస్సుల ఎగిరెగిరి పడ్డా మెదడుకేం గాదు, గందుకే."

తర్వాత ముందు మెదడు చూపించారు. ముడతలు పడిన రెండు సగాలు, వాటి ముందు రెండు చిన్న ఉబ్బులు. అవి వాసన పట్టే ఘ్రాణ లంబికలు. మేకకు పెద్దవి, మనకు చిన్నవి అన్నారు. రెండు సగాలనూ వేళ్ళతో విడదీసి, లోపల అడుగున దాగి ఉన్న భాగం చూపించారు. పుస్తకంలో దాని పేరు ద్వారగోర్ధం. ఆ పేరు నోరు తిరగక మేము నవ్వితే సార్ కూడా నవ్వారు.

"గిది కోరుట్ల బస్టాండు అనుకోండ్రి. కన్ను సూసింది, చెవి ఇన్నది, చెయ్యి ముట్టింది, అన్నీ ఈడ దిగి బండి మారాలె. మారినంకనే పైకి పోతయి. వాసనొక్కటే బస్టాండుకు రాదు. సీదా ఇంట్లకు జొర్రుతది. గందుకే ముక్కు జెప్పింది మనిషి దబ్బున నమ్ముతడు. నమ్మకుండ్రి."

అక్కడితో పాఠం అయిపోవాలి. సిలబస్‌లో ఆ పొరల గురించి ఉన్నది సగం పేజీ. సార్ మాత్రం మరో రెండు రోజులు దాని మీదే ఉన్నారు. చెంచా కాడ నా చేతికిచ్చి, ఎముకకూ గట్టి పొరకూ మధ్య పెట్టమన్నారు. పెట్టబోతే పోలేదు, అతుక్కుని ఉంది.

"ఎంత జాగ ఉన్నది?"

"లేదు సార్."

"లేని జాగల నెత్తురు జేరితే ఏమైతది?"

చెంచా కాడ సార్ తీసుకున్నారు. జవాబూ ఆయనే చెప్పారు.

"జాగ జేసుకుంటది. ఎవలది గుంజుకుంటది? మెదడుది. ఎముక జరుగది గద." అందరినీ చెవి పైన, కణత దగ్గర వేలు పెట్టుకోమన్నారు. "ఈడ ఎముక పల్చన. దీని లోపటి నుంచే నెత్తురు నాళం పోతది. ఈడ దెబ్బ తాకినోడు లేస్తడు. నీళ్ళడుగుతడు. నాకేం గాలేదంటడు. ఇంటోల్లు దేవునికి మొక్కుతరు. లోపట నెత్తురు జేరుతనే ఉంటది. గంటకో రెండు గంటలకో నిద్రొస్తాందంటడు. గప్పుడు పండనియ్యద్దు. లేపాలె. పేరడగాలె. రెండు కండ్లు సూడాలె, నల్లగుడ్డు నడుమ సుక్క రెండు దిక్కుల ఒక్కతీరు ఉన్నదా లేదా అని."

"ఇది పరీక్షల వస్తదా సార్?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

"రాదు," అని సార్ డబ్బా మూత గట్టిగా మూశారు.

పరీక్షలో పొరల బొమ్మ వచ్చింది. నేను గీసిన బొమ్మకు పూర్తి మార్కులు వేసి, దాన్ని స్టాఫ్‌రూం గోడకు అతికించారు. రాయికల్‌కు తిరిగి వచ్చే బస్సులో నేలకు జానెడు ఎత్తున తేలాను. ఆ పేజీ నాకు వచ్చేసిందని అప్పుడే నమ్మేశాను.

నర్సింగ్ చదివి జగిత్యాలలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరిన మూడో ఏడు అది. ఎండాకాలం, సాయంత్రం ఐదు కావస్తోంది. బుగ్గారం దిక్కు నుంచి ఒక గీత కార్మికుడిని తీసుకొచ్చారు. పేరు రాజేశం అనుకోండి, అసలు పేరు నాకు తెలుసు గానీ రాయను. నడుముకు కట్టుకున్న తోలు పట్టీ తెగి తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. ఆటో దిగి తనంతట తానే నడిచి వచ్చాడు. చెవి పైన చర్మం చీలింది. డాక్టరు గారు కుట్లు వేస్తుంటే, "ఇర్వై ఏండ్లసంది ఎక్కుతాన, ఇయ్యాల నా చెట్టే నా మీద అలిగింది సిస్టరమ్మా," అని నన్ను నవ్వించాడు. వెంట భార్య పోశవ్వ, అతని అన్న ఉన్నారు. నొప్పి తెలియకూడదని అన్న చెట్టు కిందనే ఒక ముంత కల్లు తాగించాడు. అది కాక పడేటప్పుడు లొట్టి పగిలి కల్లంతా ఒంటి మీద పడింది. గది గదంతా పులిసిన వాసన.

అరగంటకోసారి లేపి చూడమని, ఏ కొంచెం తేడా కనిపించినా పిలవమని చెప్పి డాక్టరు గారు ఆపరేషన్‌కు వెళ్ళారు. మొదటిసారి పేరడిగాను, చెప్పాడు. రెండోసారి అడిగితే విసుక్కుని చెప్పాడు. తర్వాత, "నిద్రొస్తాంది సిస్టరమ్మా," అన్నాడు. ఆ రోజు ఇద్దరు నర్సులు రాలేదు, పొద్దుటి నుంచీ నేను కూర్చోలేదు. మూడోసారి వెళ్ళేసరికి గుర్రు పెడుతున్నాడు. అన్న భుజం పట్టి ఊపబోయాడు.

"లేపుదునా సిస్టర్? ఎన్నడు గింత గుర్రు వెట్టడు."

"తాగిండు గదా, పండనియ్యండి," అన్నాను.

పాఠం గుర్తు రాలేదా అని మీరు అడగవచ్చు. వచ్చింది. వరాశిక అన్న మాట, చెంచా కాడ, గోడ మీది బొమ్మ, అన్నీ వచ్చాయి. అన్నిటికంటే ముందు కల్లు వాసన వచ్చింది. చార్టులో 'నిద్రలో ఉన్నాడు' అని రాశాను. అరగంటకు మళ్ళీ అదే రాశాను. గుర్రు తీరు మారితే అప్పుడు పరుగెత్తి రెప్ప ఎత్తాను. కుడి కంటిలో నల్లచుక్క గుడ్డంతా పరుచుకుని ఉంది. డాక్టరు గారు వచ్చారు, బండి వచ్చింది, కరీంనగర్‌కు బయలుదేరారు. రాజేశం అక్కడి దాకా పోలేదు.

నేను చేసింది డాక్టరు గారికి చెప్పాను. మన దగ్గర స్కాన్ లేదు కదా, ఏం చేసేవాళ్ళం అన్నారు. ఆయన మంచివారు. ఆ గంట ముందు పంపి ఉంటే ఏమయ్యేదో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కొన్నాళ్ళకు పోశవ్వ అతని చెప్పులూ తువ్వాలూ తీసుకుపోవడానికి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వన్నా గింత సేపు పండనిచ్చినవ్ బిడ్డా. మా బావ లేపుతనంటే నువ్వే వద్దంటివి. నొప్పి తెల్వకుంట పోయిండు. నీ కడుపు సల్లగుండ."

ఆమె దండం పెట్టింది. నిజం ఆమెకు ఆ రోజు చెప్పలేదు, తర్వాత కూడా చెప్పలేదు. బుగ్గారం బస్సు ఎదురొస్తే ఈరోజుకీ తల తిప్పుకుంటాను.

ఉద్యోగం మానేద్దామని నిశ్చయించుకున్నాక సిరిసిల్ల బస్సెక్కాను. సార్ అప్పటికి రిటైరై అక్కడ కూతురి ఇంట్లో ఉంటున్నారు. ఇంటికి రెండు వైపులా మరమగ్గాలు నడుస్తాయి. ఆ సాంచాల చప్పుడులో మాట వినబడాలంటే గొంతు పెంచాలి. నా తప్పు నేను అరిచి చెప్పుకోవలసి వచ్చింది. సార్ అరుగు మీద కూర్చుని ముంజలు కొడుతున్నారు. నేను చెబుతున్నంతసేపూ ఆయన బొటనవేలితో ముంజ మీది పొర ఒలుస్తూనే ఉన్నారు. లోపలి నీళ్ళు ఒక్క చుక్క కారలేదు. కల్లు గీసే గౌండ్ల ఇంట్లో పుట్టిన చేతులవి. నేను చెప్పడం అయిపోయాక ఆ ముంజ నా చేతిలో పెట్టారు.

"మా బాపు గట్లనే పోయిండు," అన్నారు.

నాకు అప్పటిదాకా తెలియదు.

"నేను డిగ్రీ రెండో ఏడు. పరీక్షలకని ఇంటికాడనే ఉన్న. బాపు చెట్టు మీదికెల్లి పడ్డడు, లేసిండు, నడుసుకుంట ఇంటికచ్చిండు. మా చిన్నాయన కల్లు వోసిండు. పగటీలి, అరుగు మీద పన్నడు. నేను పక్కనే కూసొని ఇసురుతాన. ఒక చేతిల ఇసునకర్ర, ఒక చేతిల పుస్తకం." ఇంకో ముంజ అందుకున్నారు. "పుస్తకంల ఏ పేజీనో తెల్సా?"

మెదడు పొరల పేజీ అని ఆయన చెప్పకముందే తెలిసింది.

"కల్లు నిషా అనుకున్న. వాసనచ్చె గద. మా అమ్మ బువ్వకు లేపుమంటే నేనే వద్దన్న. పాపం అలిసిపోయిండు, పండనీ అన్న. పరీక్షల నాగ్గూడ అండ్ల మంచి మార్కులే వచ్చినయి."

కాలేజీలో సార్ ముఖం చూసి ఇది ఎవరూ ఊహించలేరు. సగం పేజీకి మూడు రోజులు ఎందుకు పట్టిందో, 'రాదు' అన్నప్పుడు డబ్బా మూత అంత గట్టిగా ఎందుకు పడిందో అప్పుడు అర్థమైంది. కోపం కూడా వచ్చింది. ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఏడుస్తరు. ఏడ్సినోల్లకు ఏడ్సుడే యాదికుంటది, పాఠం ఉండది, అనుకున్న." చేతులు తుడుచుకున్నారు. "తప్పు సమజ్ చేసుకున్ననేమో. చెప్తే బాగుండు."

"నేను ఉద్యోగం ఇడ్చిపెడ్త సార్."

"ఇడ్చిపెట్టి? నేను గట్లనే చేసిన. సచ్చేటోల్ల మంచాల దిక్కు పోనని సారునయిన. బోర్డు కాడ నిలవడితే ఎవలు సావరు గద. నువ్వు ఆడ నిలవడ్డవ్. తప్పు జేసినవ్, కాదని నేననను. కని రేపు ఇంకోడు పడ్తడు, వాని మీద గూడ గదే వాసనుంటది. నువ్వు లేకపోతే ఆడ ఎవలుంటరు? కల్లు వాసన జూసి ఎన్నడు మోసపోనోల్లు ఉంటరు. వాల్లు మోసపోతరు. పాఠం తలకాయల ఉంటే ఏం లాభం లేదు బిడ్డా. చేతికి నేర్పు. నిద్రొచ్చినా, యాష్టకచ్చినా, చెయ్యి దానంతటదే పోయి రెప్ప లేపాలె."

ఓదార్చలేదు. తల నిమరలేదు. మళ్ళీ బస్సు ఎప్పుడుందని అడిగి, ఇంకో రెండు ముంజలు కట్టించి పంపించారు. మర్నాడు డ్యూటీకి వెళ్ళాను.

సార్ పోయి రెండేళ్ళయింది. సిరిసిల్లలో మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారు, లేవలేదు. పుణ్యాత్ముడు, నిద్రలో పోయాడని వచ్చినవాళ్ళందరూ అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. కాళ్ళకు మొక్కి తల దగ్గరికి వెళ్ళాను. నాకు తెలియకుండానే నా బొటనవేలు ఆయన రెప్ప మీదికి పోయింది.

"ఏం జూస్తున్నవక్కా?" అని సార్ కూతురు అడిగింది.

"ఏం లేదమ్మా. అలవాటు."

ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది. "మా నాయినకు గూడ గిదే అలవాటు. ఇంట్ల ఎవలు పగటీలి పన్నా లేపి పేరడిగేటోడు. మా ఇంటాయన ఎన్నిసార్లు లొల్లి వెట్టుకున్నడో."

ఇక మొన్నటి వానాకాలం. మధ్యాహ్నం రెండుకు నా డ్యూటీ అయిపోతుంది, ఒంటిగంటకు కొడిమ్యాల నుంచి ఒకాయనను తెచ్చారు. యాభై దాటిన మనిషి, పేరు అంజయ్య. వానకు చెట్టు జారి పడ్డాడు. గదిలో అదే వాసన. వెంట వచ్చిన అల్లుడు, "జర ఎక్వనే తాగిండు మేడం, పండనియ్యుండ్రి, లేస్తే లొల్లి జేస్తడు," అన్నాడు. ఇప్పుడు మా దగ్గర స్కాన్ ఉంది గానీ, ఆ గది ముందు అప్పటికే వరస ఉంది. కొత్తగా చేరిన నర్సు కూడా అల్లుడి మాటే అంది. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు ఒంట్లో ఏమీ లేదు. కుర్చీలో కూలబడాలని ఉంది, వాసన చెప్పిన మాట నమ్మేయాలని ఉంది. చెయ్యి మాత్రం పోయింది.

పదిహేను నిమిషాలకు లేపితే పేరు చెప్పి, నన్ను తిట్టాడు. మళ్ళీ పదిహేను నిమిషాలకు లేపితే ఊరు చెప్పి, మా అమ్మను తిట్టాడు. మూడోసారి తిట్టలేదు. భార్య పేరడిగితే చాలాసేపు ఆలోచించి ఏదో పేరు చెప్పాడు. అల్లుడు నవ్వి, "గది మా అత్త పేరు గాదు, ఆయన తల్లి పేరు. నిషాల ఉన్నడు," అన్నాడు. రెప్ప ఎత్తి లైటు వేశాను. ఎడమ కంటి చుక్క ముడుచుకోవడానికి కొంచెం ఆలస్యం చేసింది. చాలా కొంచెం. నేను వేసిన కేకకు వరసలో ఉన్నవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. స్కాన్ తెరమీద, ఎముకకూ పొరకూ నడుమ, ఏ జాగా లేని చోట, తెల్లగా నెత్తురు ముద్ద కనబడింది. ఎక్కువ పెద్దది కాదు. రెండు గంటల్లో అతను కరీంనగర్‌లో ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు.

నెలన్నరకు వచ్చాడు. ఒకపక్క జుట్టు ఇంకా సరిగా మొలవలేదు. భార్య వెంట ఉంది. ఆమె నాకు దండం పెట్టబోతే వారించాను. ఆ దండం నాకు పడదు. అంజయ్య మాత్రం దండం పెట్టలేదు. వార్డు గుమ్మంలో నిలబడి, నా వైపు వేలు చూపించి, అందరూ వినేటట్టు భార్యతో చెప్పాడు.

"గీమెనే. నేన్ జెప్పలే? పానం గుంజుతాంటే ఒక్క కునుకు తియ్యనియ్యలే. లేపుడు, పేరడుగుడు, లేపుడు, పేరడుగుడు. గసొంటి మొండి మనిషిని నేనెన్నడు సూల్లే."

వార్డులో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను, బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను. ఎప్పుడో ఒకామె నా చేతులు పట్టుకుని, పండనిచ్చినవ్ బిడ్డా అని దీవించింది. ఆ దీవెన ఇన్నేళ్ళుగా మోస్తూనే ఉన్నాను, ఇక ముందూ దించుకోలేను. దాని పక్కనే ఇప్పుడు అంజయ్య తిట్టు కూడా ఉంది. సార్ అరుగు మీద కూర్చుని ఉంటే, సాంచాల చప్పుడు మీదుగా అరిచి మరీ ఆ తిట్టు ఆయనకు వినిపించేదాన్ని.